మైనము – బంగారము – రాగి

ఒక దేశపు సంస్కృతిని దాని చిత్రములవలనను, సంగీతమువలనను, వంటలవలనను తెలిసికొనవచ్చునను మాట యిటీవల పాఠశాలలలోను ప్రదర్శనశాలలలోను మిక్కిలి వాడుకకు వచ్చినది. ఇథియోపియాదేశమును గూర్చి యీ పద్ధతిని వ్రాయఁబడిన పరిచయములలోని క్రమము దాదాపొక్కటియే. ముందుగా ఇంజెర యను రొట్టె; పిదప కాఫీ కాఁచు వేడుక; పిమ్మట పెద్దకన్నుల దేవదూతల చిత్రములు; తుదకు లాలిబెలలో శిలను దొలిచి నిర్మించిన పదునొకండు దేవాలయములు. చదువరికి నోరూరును, కన్ను చెదరును, పుస్తకము ముగియును. ఈ మార్గము దుష్టమని చెప్పుట కాదు. ఇది యెంతదూరము కొనిపోవును, ఎచ్చట చేయి విడుచును అనునది విమర్శింపఁదగిన విషయము. ఆ విమర్శకు అనంతపురపు మెట్టలలోని తనకల్లు సీమ మంచి గీటురాయి.

కదిరినుండి మదనపల్లెకుఁ బోవు త్రోవలోని తనకల్లు 2022వ సంవత్సరమున జిల్లాలు విభజింపఁబడువఱకు అనంతపురము జిల్లాలోనిది. ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలోనిది. పేరు మాఱినను ఆకాశము మాఱలేదు. సాలుకు సుమారు 550 మిల్లీమీటర్ల వాన, అదియు వేళకు రానిది, ఈ మెట్టల పాలికి వచ్చిన భాగ్యము. ఇచ్చటి జనుల పూర్వపు తిండి రాగిసంగటి, కొఱ్ఱన్నము, సజ్జరొట్టె, జొన్నరొట్టె. వీనిలో రాగియొక్క పుట్టినిల్లు తూర్పు ఆఫ్రికాలోని యెత్తైన భూములని, అనఁగా ఇథియోపియా, ఉగాండాల కొండనేలలని, 1976లో హిలు, డి వెట్ అను శాస్త్రజ్ఞులు దాని యడవిజాతులను పరిశీలించి నిరూపించిరి. ఇథియోపియావారు దానిని డగుస యందురు. జొన్నయు ఆ ఖండపు ఈశాన్యభాగమునుండియే వచ్చినది; సజ్జ పడమటి ఆఫ్రికానుండి వచ్చినది. కాఁబట్టి తనకల్లు రైతు ఇథియోపియాను వంటద్వారమునఁ గ్రొత్తగాఁ గనుఁగొనవలసిన పనిలేదు. వేల యేండ్లనుండి దానిని ముద్దలుచేసి మ్రింగుచునే యున్నాఁడు. అట్లయినను ఆ దేశపు సంస్కృతిలో నొక్క యక్షరమైన అతనికిఁ దెలియదు. ధాన్యము వచ్చినది, మాట రాలేదు. తిండి వచ్చినది, పాట రాలేదు. వంటయే సంస్కృతికి వాహకమని వాదించువారు మొట్టమొదట సమాధానము చెప్పవలసిన దృష్టాంత మిది.

మాట రాలేదనుటలో కొంచెము నిలిచి చూడవలసినది గలదు. రాగశబ్దముపై మత్వర్థీయమైన ఇనిప్రత్యయమును జేర్చి, ఎఱుపు గలది గావున రాగి యని వ్యుత్పత్తి చెప్పుట వ్యాకరణము నేర్చినవారికి నిమిషపు పని. తెలుఁగున లోహమునకును ధాన్యమునకును ఒకటే పేరగుట ఆ వ్యుత్పత్తికి మఱింత బలమిచ్చునట్లు తోఁచును. అంతట ధాన్యముకూడ ఈ దేశపుదేయని తీర్మానించుట పండితులకు అలవాటైన దుముకు. కాని యుత్తరాంధ్రమున చోళ్లని, తెలంగాణమున తైదలని పిలిచెడివారికి ఆ ఎఱుపుతో నేమి పని? వ్యుత్పత్తి శబ్దమునకు జాతకము వ్రాయును గాని ధాన్యమునకుఁ గాదు. చింతపండు కథ యింతకంటెను విపరీతము. ఆ వృక్షము ఆఫ్రికాలోఁ బుట్టినది; అరబ్బులు దాని పండునకు హిందూదేశపు ఖర్జూరమని పేరుపెట్టిరి; ఆ పేరే యూరోపుభాషలలోనికిఁ బ్రాఁకినది. నామమును నమ్మి జన్మభూమిని నిర్ణయించినచో చింత పూర్తిగా భారతీయ మగును.

రెండు వంటయిండ్లలోను కంటికింపైన ఎఱుపునకుఁ గారణమైన మిరపకాయ సంగతి యట్టిదే. ఇథియోపియాలో బెర్బెరె యను మసాలాపొడి లేక పులుసులేదు. రాయలసీమలో ఎండుమిరపకాయ లేక యూరుబిండిలేదు. రెండుచోట్లను ఇది తరతరాల సంప్రదాయమని చెప్పుకొందురు. ఆ కాయ అమెరికాఖండమునుండి 16వ శతాబ్దముననో ఆ తరువాతనో యీ రెండు దేశములకును వచ్చినది. ఊరుబిండిలోని శెనగకాయయు అచ్చటిదే. అనాదియని తలఁపఁబడునది నిన్నటిది. పరదేశపుదని తలఁపఁబడునది తాతముత్తాతలనాఁటిది. కళలు, వంటలు అను ద్వారముగుండఁ బ్రవేశించు చదువరికి ఈ కాలజ్ఞాన మెవరు చెప్పుదురు?

వంటలో సంస్కృతి యున్నచోటు పదార్థముకాదు, పంక్తి. ఇథియోపియాలో తెఫ్ అను మిక్కిలి సన్ననిగింజల పిండిని తడిపి, మునుపటి పులుపునీటిని గలిపి, రెండుమూఁడు దినములు పులియఁబెట్టి, మితాద్ అను వెడల్పైన పెనముపైఁ బోసి, మూఁతవేసి, త్రిప్పకుండ నొకవైపే కాల్చుదురు. దానిపై నేర్పడు రంధ్రములను వారు కన్నులందురు. కన్నునకును కన్నమునకును గల చుట్టఱికము తెలుఁగువానికిఁ జెప్పనక్కఱలేదు. దోసె తినువారికి ఇంజెర క్రొత్తగాఁ దోఁపదు. ఆశ్చర్యము కలుగునది తినుచోట. ఒకే వెడల్పుపళ్లెములో నొకటే ఇంజెరను బఱచి, దానిపై కూరలు వడ్డించి, చుట్టుఁగూర్చుండినవారందఱును ఒకదానినుండియే త్రుంచుకొని తిందురు. ప్రేమ గలవాఁడు తన చేతితో ముద్దచేసి ప్రక్కవాని నోటఁ బెట్టును. దానికి గుర్శ యని పేరు, నిరాకరించుట మర్యాదకాదు.

తెలుఁగునాట నిది యెంగిలి. ఎంగిలి యను నొక్క మాట తెలియనివానికి తెలుఁగువారి వంటయింటిలోని కట్టడి యేదియు నర్థముకాదు: నీళ్లు ఎత్తిపోసికొనుట, విస్తరి విస్తరికి నెడముంచుట, వడ్డించుచేయి వేఱుగ నుండుట. అట్టి తెలుఁగుదేశములోనే పెండ్లినాఁడు బువ్వపుబంతియని వధూవరులను ఒకే పళ్లెమునఁ గూర్చుండఁబెట్టుదురు. తల్లి బిడ్డకు గోరుముద్దలు పెట్టును. నియమము వదలినచోటనే ప్రేమ వ్యక్తమగుచున్నది. ఇథియోపియాలో ప్రతిదినమును బువ్వపుబంతియే యని చెప్పిన నొక తెలుఁగు చదువరికి ఆ దేశపు భోజనము పది వర్ణచిత్రములకంటె నెక్కువగాఁ దెలియును. పరిచయగ్రంథములు వంట చేయు విధమునకు పుటలు నింపి, తినువిధమునకు రెండు పంక్తులు విడుచుట తలక్రిందులైన పని. వారి యుపవాసములుకూడ నీ తెగకు చేరినవే. ప్రాచీన క్రైస్తవశాఖ కనుయాయులైన జనులు బుధ శుక్రవారములందును, దీర్ఘమైన వ్రతకాలములందును మాంసము, పాలు, గ్రుడ్లు ముట్టరు. ఆ దినములకై యేర్పడిన శాకపాకము, పప్పుపిండితోఁ గాఁచిన షిరో యను పులుసును, ఏకాదశి నెఱిఁగిన యే గృహిణియైన నిట్టే గ్రహింపఁగలదు.

ధాన్యమునకు సాహిత్యములోఁ గలిగిన గౌరవాగౌరవములు విమర్శకుని దృష్టికి రావలయును. శ్రీనాథుని పేర వ్యాప్తిలోనున్న చాటువులలో పలనాటి జొన్నకూటిపై యెగతాళి ప్రసిద్ధము. సన్నన్నమునకు అలవడిన నాలుక మెట్టపంటను జూచి విసుగుకొన్న చందము అందుఁ గానవచ్చును. ఆ పద్యములను జదివి నవ్వని తెలుఁగువాఁడు లేఁడు. ఆ కూడు తినెడివానికి నవ్వు వచ్చునా యని యడిగినవాఁడును లేఁడు. దీనికిఁ బ్రతిగా నిలుచు కావ్యము తనకల్లునకు సమీపమైన కన్నడసీమలోఁ బుట్టినది. కనకదాసు 16వ శతాబ్దమున రచించిన రామధాన్యచరిత్రలో వరికిని రాగికిని వాదము జరుగును. శ్రీరాముఁడు రెంటిని ఆఱునెలలు చెఱలో నుంచును. వరి చెడును, రాగి చెడదు. రాగి గెలిచి రాఘవుని పేర వెలయును. రాఘవశబ్దమునుండి రాగి వచ్చెననుట వ్యాకరణమునకు నిలుచునది కాదు. అయినను కవి యెన్నుకొన్న పరీక్ష వస్తుధర్మమున కనుగుణమైనది. రాగి పురుగుపట్టక యేండ్లతరబడి నిలువయుండును. పాతరలో రాగి యున్నవాఁడే కఱవు దాఁటును. వ్యుత్పత్తి తప్పి కావ్యార్థ మొప్పిన సందర్భ మిది. కులములో తక్కువగా నెంచఁబడినవాని పక్షమున ధాన్యమే సాక్ష్యము చెప్పుట కావ్యముయొక్క బలము. పాఠశాలలలో శ్రీనాథుని చాటువును జెప్పునపుడు దీనినికూడఁ జెప్పినచో బాలురకు మేలగును.

కఱవుమాట వచ్చినది. 1876–78లలో వచ్చిన మహాక్షామమును ఈ సీమవారు ధాతకఱవు అని తలఁచుకొందురు. 1984లో ఇథియోపియాయందు ఉత్తరపు రాష్ట్రములైన తిగ్రాయి, వొల్లోలలోఁ గలిగిన క్షామమును లోకము దృశ్యములుగాఁ జూచినది. నాఁటినుండి చాలకాలము ఇథియోపియా యన్న ఎముకలు తేలిన బిడ్డయే లోకుల కన్నులకుఁ గట్టెడిది. అనంతపురమన్న పగుళ్లువాఱిన చెఱువు. ఆఁకలి యొక్కటే గుర్తుగాఁ గల జనులను వారి చిత్రములతోను వంటలతోను బరిచయము చేయుట యొకవిధమైన న్యాయము. ఆ మేరకు ఈ పద్ధతిని మెచ్చుకొనవలసినదే. అయితే రెండు మెట్టలు నొకటేయని పొరపడరాదు. గోందరు ప్రాంతపు కొండలు రెండువేల మీటర్ల యెత్తున నున్నవి. అచ్చట తనకల్లునకు ఇంచుమించు రెట్టింపు వాన గురియును. వానయుండియు కఱవు వచ్చినదన్న, యుద్ధమును రాజ్యపాలనమును గూడ లెక్కలోనికిఁ దీసికొనవలయును. వంటపుస్తకములో వానికిఁ జోటుండదు.

పరిచయము వలని ముప్పు మఱియొకటి గలదు. తెఫ్ గింజల గుణములను గనిపెట్టిన హాలండుదేశపు సంస్థ యొకటి దాని పిండి తయారుచేయు విధమునకుఁ బేటెంటు పొందెను. వేల యేండ్లుగా ఇథియోపియా యింటింటను జరుగుచున్న పనికిఁ బరాయిదేశమునఁ బట్టా పుట్టినది. 2018లో హేగ్ నగరపు న్యాయస్థానము ఆ దేశమున నది చెల్లదని తీర్పు చెప్పెను. ఈలోపల తెఫ్ ధర పెరిగి స్వదేశపు బీదలకు దొరకకపోవునను భయమున ఇథియోపియా ప్రభుత్వము 2006లో ఆ గింజల యెగుమతిని నిషేధింపవలసి వచ్చినది. రాగికి ఆ గతి పట్టలేదు. దాని కథ వేఱు. అనంతపురపు మెట్టలలో గడచిన శతాబ్దపు ఉత్తరార్ధమున శెనగకాయ యంతటను వ్యాపించి రాగిని కొఱ్ఱను చేలగట్లకుఁ దఱిమినది. ఐక్యరాజ్యసమితి 2023ను చిఱుధాన్యముల వత్సరముగాఁ బ్రకటించిన పిదప పట్టణములవారు రాగిని ఔషధమువలెఁ గొనుచున్నారు. కూలివాని ముద్ద ధనవంతుని పథ్యమైనది.

ఇఁక కళలు. ఇథియోపియా చర్చిచిత్రములలో సజ్జనులను రెండు కన్నులును గనఁబడునట్లు ముఖాముఖిగా వ్రాయుదురు; దుర్జనులను ప్రక్కమొగముతో నొక్క కన్ను మాత్రమే గనఁబడునట్లు వ్రాయుట వారి మర్యాద. ఈ సంకేతము నెఱిఁగినవాఁడు లేపాక్షికి వచ్చినచో నేమగునో యూహింపవలయును. అచ్యుతదేవరాయల కాలమున విరూపణ్ణ, వీరణ్ణ యను సోదరులు కట్టించిన వీరభద్రాలయపు కప్పుపై దాతలును, దాసీజనమును, దేవతలనేకులును ప్రక్కమొగముతోనే యున్నారు. గోందరులోని దెబ్రె బెర్హాన్ సెలాసె చర్చికప్పునిండ వ్రాయఁబడిన దేవదూతలముఖములను జూచి పెరిగినవాఁడు ఆ సోదరు లిద్దఱును పరమదుర్మార్గులని నిశ్చయించును. తన కన్నులను దానే పెఱికికొనెనని యైతిహ్యము గల విరూపణ్ణకు ఇది రెండవ యన్యాయము. కళ విశ్వభాష యని చెప్పుట విన నింపుగా నుండును. చిత్రమునకును వ్యాకరణ మున్నది. అది నేర్వక చదివినచో అపశబ్దమే మిగులును.

ధర్మవరమునకు చేరువనున్న నిమ్మలకుంట తోలుబొమ్మలు జగద్విదితములు. ఆ యూరి దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ లభించినది. అచ్చట మేఁకతోలును గీఱి, పలుచనచేసి, రంగువేసి, వెలుఁగు దూఱునట్లు చేయుదురు. ఇథియోపియాలో మేఁకతోలునే గీఱి, చట్టముపై బిగించి, దానిపై గీజుభాషలో గ్రంథములు వ్రాయుదురు. మేఁక బ్రదుకఁగలిగిన రెండు మెట్టనేలలు ఒకే తోలును రెండు విధముల వాడుకొన్నవి. ఒకచోట తోలు అక్షరమును మోసినది, మఱియొకచోట నీడను మోసినది. ఇట్టి సామ్యము ప్రదర్శనశాలలలో రెండు వస్తువులను ప్రక్కప్రక్కన నుంచిన నొక్కక్షణములోఁ దెలియును. అచ్చట ఆ పద్ధతికి సాటిలేదు.

దాని కందనిది భాష. పరిచయగ్రంథములలో దాదాపు విడువఁబడినదియు, పండితులకు మిక్కిలి యాదరణీయమైనదియు నదియే. ఇథియోపియా లిపికి ఫిదెల్ అని పేరు. ప్రతి హల్లునకును ఏడు రూపములు. హల్లుయొక్క యాకారమునే కొంచెము మార్చి అచ్చును దెలుపుదురు. అనఁగా గుణింతము. గీజుభాషకు 26 హల్లులును, అమ్హారికునకు 33ను గలవు. ఎజానా రాజుకాలమున, క్రీ.శ. 4వ శతాబ్దమున, ఈ గుణింత మేర్పడినది. ఇది భారతదేశపు లిపులను జూచి చేసినదని కొందఱు పండితులు తలఁచిరి. దెబ్రె దామో మఠమునఁ గుషాణుల బంగారునాణెములు దొరకుటవలన రాకపోకలు నిజమే గాని, నాణెము వచ్చినచోటికెల్ల గుణింతము వచ్చెననుట ప్రమాణము కాదు. నిస్సందేహమైన యొక ఋణము మాత్రము తిరిగివచ్చినది. గుణింతము గల లిపులకెల్ల ఒక సామాన్యనామము కావలసి 1990లో పీటర్ డేనియల్సు అను పండితుఁడు ఇథియోపియా యక్షరముల వరుసనుండి అబుగిద యను పదమును గ్రహించెను. నేఁడు లోకమున భాషాశాస్త్రజ్ఞులు తెలుఁగులిపిని ఆ పేరనే వర్గీకరించుచున్నారు.

ఫిదెలులో రెండు లోపములు గలవు. ద్విత్వమునకు గుర్తులేదు, ఆఱవ రూపము పొల్లునకును హ్రస్వాచ్చునకును సమానము. అమ్హారికున 'అలె' యన్న చెప్పెననియు, 'అల్లె' యన్న ఉన్నదనియు అర్థము. వ్రాఁత రెంటి కొకటియే. తనకల్లును ఫిదెలులో వ్రాసినచో తనకలు అగును. ఊరికి మాఱుగా కలలు మిగులును. ఒత్తులు దిద్దుటకే సంవత్సరములు గడపు తెలుఁగు బాలునకు ఇది యదృష్టముగాఁ దోఁపవచ్చును. వైయాకరణునకు లోపమైన దానిని అచ్చటి కవులు నిధిగాఁ జేసికొనిరి. ఒక్క వ్రాఁతకు రెండు పలుకుళ్లు, రెండు పలుకుళ్లకు రెండు అర్థములు. ఈ మార్గమునకే సెమ్‌నా వెర్క్ అని పేరు. అనఁగా మైనము, బంగారము. డొనాల్డు లెవీన్ అను నమెరికా పండితుఁడు 1965లో ఆ పేరనే గ్రంథము వ్రాసి ఇథియోపియా సంస్కృతికంతటికిని ఇదియే తాళపుచెవి యని వాదించెను.

ఉపమానము కంసాలిపనినుండి గ్రహింపఁబడినది. నగను మొదట మైనముతోఁ జేసి, మట్టి పూసి, కాల్చి, మైనము కరఁగి కాఱిన బోలులో బంగారము పోయుదురు. పద్యములో పైకిఁ గనఁబడు నర్థము మైనము, లోపలి యర్థము బంగారము. గీజుభాషలో ఖెనె యను నాశుకవిత్వము దీనికిఁ బట్టుగొమ్మ. చర్చిలో పూజ జరుగుచుండఁగా నప్పటికప్పుడు క్రొత్తది చెప్పవలయును. ఒకనాఁడు చెప్పినది మఱునాఁడు పనికిరాదు. ఆ పాఠశాలలోనే గీజు వ్యాకరణముకూడ నేర్పుదురు. దానికి సెవాసెవ్, అనఁగా నిచ్చెన, అని పేరు. కవిత్వము వేఱు వ్యాకరణము వేఱు అని తెలుఁగుదేశమున నిటీవల పుట్టిన జగడ మచ్చట లేదు.

దీనిని శ్లేష యని తెలిఁగించుట తొందరపాటు. పింగళి సూరన రాఘవపాండవీయమునందును, రామరాజభూషణుని హరిశ్చంద్రనలోపాఖ్యానమునందును రెండు కథలును సమప్రధానములు. రాముఁడు మైనమును పాండవులు బంగారమును గారు. ఏ యొక్కటి కరఁగినను కావ్యము చెడును. సభంగమైనను అభంగమైనను శ్లేష రెండు ఫలములు వ్రేలాడు నొక కాఁడ. సెమ్‌నా వెర్కునందట్లు కాదు. మైనము కరఁగుటకే యున్నది. దానికి వినియోగమే గాని విలువ లేదు. ఉపకరణము శ్లేష, ఫలము వ్యంగ్యము. ఆలంకారికుల పరిభాషలోఁ జెప్పవలసినచో శబ్దశక్తిమూలమైన ధ్వనికి నిది సన్నిహితము. సమాసోక్తితోఁ గొంత పొత్తు గలదు. రాజును బొగడునట్లు పలికి తిట్టుట, దేవునిఁ బ్రార్థించునట్లు పలికి గురువును వేళాకోళము చేయుట అచ్చట నెక్కువ. తెలుఁగున దీనికి దగ్గఱి చుట్టమును వెదకినచో ప్రబంధములలోఁ గాక కదిరిసీమ కటారుపల్లెలో సమాధిపొందిన వేమన పేరిటి హేమవిద్యాపద్యములలో వెదకవలయును. లోహములను గరఁగించి బంగారుచేయు రసవాదమని కొందఱును, యోగమని కొందఱును వానికి వ్యాఖ్య చెప్పుదురు. ఆ పద్యములను మైనము–బంగారములను న్యాయమునఁ బరిశీలించుట తెలుఁగు విమర్శకులకు మిగిలియున్న పని.

ఖెనె పాఠశాలల విద్యార్థులు ఇల్లువిడిచి, మేకతోలో గొఱ్ఱెతోలో కప్పుకొని, గురువున్న యూరు చేరి, ఇంటింటను యాచించి తిని చదువుకొందురు. తెలుఁగునాట మధూకరమెత్తియు వారములు చేసికొనియు చదివిన పూర్వపు విద్యార్థులకు వీరు సహాధ్యాయులు. వీరిని ఆ దేశమున యెఖొలో తెమారి యందురు. ఖొలో యన వేయించిన ధాన్యము, ముఖ్యముగా యవలు. తెమారి యన విద్యార్థి. నెలలతరబడి సంచిలో నిలుచునట్టి ఆ గుప్పెఁడు వేఁపుడుగింజలే వారి పేరునకుఁ గారణము. ఇంజెరను గూర్చి పుటలు నింపు పుస్తకములలో ఖొలో యొక చిఱుతిండిగా మాత్రమే కనఁబడుచున్నది.